నాలుగు నెలలైనా ఈ చోటు నాది అనిపించడం లేదు

మేడమ్ గారికి నమస్కారం.

మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. నాన్న పొగాకు రైతు. మా ఇంట్లో ఇంటర్ దాటి చదువుతున్న మొదటిదాన్ని నేనే. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆగస్టులో చెన్నైలో, తాంబరం దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరి హాస్టల్లో ఉంటున్నాను. నాలుగు నెలలైంది, ఒక్క స్నేహితురాలు కూడా లేదు. మా గదిలో ఇద్దరూ తెలుగువాళ్లే, కానీ వాళ్లు హైదరాబాదులో కలిసి చదువుకుని వచ్చారు. పక్కగదిలో ఉన్న ధర్మపురి అమ్మాయి రెండు మూడుసార్లు పలకరించింది. నాకు తమిళం రాదు, నవ్వి ఊరుకున్నాను. కాలేజీలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అరవై మందికి పైనే ఉన్నారు. ఆదివారాలు బీచ్‌కి వెళ్లి ఫోటోలు పెడతారు. నేను ఎప్పుడూ వెళ్లలేదు. మెస్ తొమ్మిదింటికి మూస్తారు. ఎనిమిదీ ముప్పావుకి, జనం పలచబడ్డాక వెళ్లి తిని వస్తాను.

మొదటి వారంలోనే ఒక సారు క్లాసులో, తెలుగు మీడియం, తమిళ మీడియం నుంచి వచ్చినవాళ్లు లేచి నిలబడమన్నారు. ఐదుగురం నిలబడ్డాం. అందరూ మావైపు చూశారు. ఎందుకో చెప్పకుండానే కూర్చోమన్నారు. ఆ రోజు నుంచి నేను క్లాసులో నోరు తెరవలేదు.

పోయిన నెల కౌన్సెలింగ్ మేడమ్ ఒకరు వచ్చి ‘బిలాంగింగ్’ గురించి, అంటే ఈ చోటు నాదే అనే భావన గురించి చెప్పి, 18 ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు మేమే వేసుకోవాలి. నా సగటు 2.1 వచ్చింది. ఈ భావన తక్కువగా ఉన్నవాళ్లు చదువు మధ్యలో మానేస్తారని పరిశోధనల్లో తేలిందని ఆవిడ చెప్పారు. అప్పటినుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. నెలకు రెండు శుక్రవారాలు ఊరికి వెళ్లిపోతున్నాను. ఒంగోలులో ఏదైనా కాలేజీకి మారిపోదామా అనిపిస్తోంది. ఇది నాలో లోపమేనా మేడమ్? పేరు వేయకండి.

*

అమ్మా,

నువ్వు చాలా సంగతులు రాశావు. కానీ నీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ 2.1 అని నాకు అర్థమైంది. ముందు దాని సంగతి చూద్దాం.

18 ప్రశ్నలు, ఒకటి నుంచి ఐదు దాకా జవాబులు అన్నావు. కారల్ గుడెనో అనే అమెరికన్ పరిశోధకురాలు 1993లో ప్రచురించిన ప్రశ్నావళి అలాగే ఉంటుంది. మీకు ఇచ్చింది బహుశా అదే. ఆమె దాన్ని తయారుచేసింది బడి పిల్లల కోసం, అప్పుడప్పుడే కౌమారంలోకి అడుగుపెడుతున్నవాళ్ల కోసం. ‘ఇక్కడ టీచర్లు నన్ను పట్టించుకుంటారా, నేను నాలాగే ఉండగలుగుతున్నానా’ అనే తరహా ప్రశ్నలు అందులో ఉంటాయి. ఒక బడిలో పిల్లలు మొత్తం మీద ఎలా ఉన్నారో, ఏ గుంపు పిల్లలు వెనక్కి తగ్గి ఉన్నారో తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఒక అమ్మాయి డిగ్రీ పూర్తి చేస్తుందా లేదా అని జోస్యం చెప్పడానికి ఎవరూ దాన్ని తయారుచేయలేదు. థర్మామీటరు 102 చూపిస్తే ఇవాళ జ్వరం ఉందని తెలుస్తుంది. ఈ మనిషి జీవితమంతా జ్వరంతోనే ఉంటుందని ఏ డాక్టరూ చెప్పడు. నీ 2.1 కూడా అంతే. నవంబరులో ఒక మధ్యాహ్నం నీ మనసు ఎంత వేడిగా ఉందో చెప్పింది, అక్కడితో దాని పని అయిపోయింది.

ఆ కౌన్సెలింగ్ మేడమ్ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. విన్సెంట్ టింటో అనే అమెరికన్ పరిశోధకుడు 1975లోనే ఆ దారి వేశాడు. విద్యార్థి చదువులోనూ, కాలేజీలోని మనుషులతోనూ ఎంత కలిసిపోతే అంత నిలబడతాడని అతని వాదన. మైత్రేయి గోపాలన్, షానన్ బ్రాడీ అనే ఇద్దరు 2020లో అమెరికా మొత్తానికి ప్రాతినిధ్యం వహించే విద్యార్థుల వివరాలు తీసుకుని చూశారు. నాలుగేళ్ల కాలేజీల్లో మొదటి ఏడాది ‘నేను ఈ కాలేజీలో భాగం’ అనుకున్నవాళ్లు తర్వాతి ఏళ్లలో చదువులో నిలవడమూ, మానసికంగా మెరుగ్గా ఉండడమూ కనిపించింది. అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది, అది మీ క్లాసులో చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్లలకు నాలుగేళ్ల కాలేజీల్లో ఈ భావన తోటివాళ్లకంటే తక్కువగా ఉంది. రెండేళ్ల కాలేజీల్లో మాత్రం పరిస్థితి తిరగబడింది, అక్కడ వాళ్లకే ఎక్కువ. అలాంటి ఇళ్ల నుంచే వచ్చిన పిల్లలు ఒకచోట పరాయివాళ్లయ్యారు, ఇంకోచోట సొంతవాళ్లయ్యారు. లోపం పిల్లల్లోనే ఉంటే అన్నిచోట్లా ఒకేలా ఉండాలి కదమ్మా. నీ చివరి ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది.

నేను ఈ నగరంలో ఇరవై ఆరేళ్లు కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పాను. ప్రతి ఏడాదీ మొదటి సంవత్సరం పిల్లలకు ఒక పరిశోధన గురించి తప్పక చెప్పేదాన్ని. నీకూ చెబుతాను, కాస్త ఓపికగా చదువు.

గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పేరున్న ఒక కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలను పిలిచారు. మొత్తం 92 మంది, అందులో సగానికి కాస్త ఎక్కువమంది నల్లజాతి విద్యార్థులు. అంత పెద్ద కాలేజీలో నల్లజాతి పిల్లల మనసులో ‘మనం ఇక్కడ ఇమడగలమా’ అనే ప్రశ్న ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. వాళ్లలో కొందరికి పైతరగతుల విద్యార్థుల అనుభవాలని చెప్పి కొన్ని కాగితాలు ఇచ్చారు. వాటి సారం ఇంతే: కాలేజీకి వచ్చిన కొత్తలో దాదాపు అందరికీ, ఏ రంగువాళ్లకైనా, ఇక్కడ ఇమడలేమేమో అనే బెంగ ఉంటుంది. కొంతకాలానికి అది తగ్గుతుంది. అది చదివాక, తమ అనుభవంలో ఇది ఎలా ఉందో ఒక వ్యాసం రాయమన్నారు. ఆ వ్యాసాన్నే కెమెరా ముందు చదవమన్నారు, వచ్చే ఏడాది చేరే పిల్లలకు చూపిస్తామన్నారు. మొత్తం ఒక గంట పని. తర్వాత మూడేళ్లపాటు వాళ్ల మార్కులు గమనించారు. ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులకూ వాళ్లకూ ఉన్న అంతరం సగానికి తగ్గింది. ఆరోగ్యం కూడా మెరుగుపడింది. 2011లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. చదువు అయిపోయే వేళకు ఆ గంటలో తాము ఏం చదివామో చాలామందికి గుర్తు కూడా లేదు. తమ మార్కులకు అది కారణమని వాళ్లు అనుకోనూ లేదు.

మరి ఏం జరిగింది? ఆ గంట తర్వాత వారం రోజులపాటు వాళ్లచేత రోజూ దినచర్య రాయించారు. చేదు అనుభవాలు అందరికీ ఎదురయ్యాయి. ఆ కాగితాలు చదవని నల్లజాతి పిల్లలకు రోజు బాగా లేకపోతే ఆ రోజు ‘నేనిక్కడి మనిషిని కాదు’ అనిపించేది. చదివినవాళ్లకు చెడ్డరోజు చెడ్డరోజుగానే మిగిలింది. అంతకు మించిన అర్థం దానికి రాలేదు.

ఇది నాకు పుస్తకంలో చదవకముందే తెలుసు, పేరు మాత్రమే తెలియదు. 1989లో తెనాలి నుంచి ఎంఏ చదవడానికి మద్రాసు వచ్చాను. హాస్టల్ గేటు దగ్గర ఒక ఆయమ్మ ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. నోట్లో ఎప్పుడూ వక్కాకు, గట్టి గొంతు. రాత్రి నేను లైబ్రరీ నుంచి రాగానే తలెత్తి ‘సాప్టియా?’ అనేది. ఆలస్యంగా వచ్చానని నిలదీస్తోందనుకుని తల వంచుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. గది తలుపు వేసుకుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. నెల గడిచాక తిరునెల్వేలి అమ్మాయి ఒకతె దాని అర్థం చెప్పింది: తిన్నావా అని. నెల రోజులుగా ఆ ఊళ్లో ఒక మనిషి రోజూ నన్ను తిన్నావా అని అడుగుతోంది, నేను దాన్ని తిట్టు కింద లెక్క వేసుకున్నాను. మరునాడు రాత్రి ఆగి ‘సాప్టేన్’ అన్నాను. ఆ మాట తర్వాత ఆయమ్మ ముఖం ఎలా మారిందో ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

ధర్మపురి అమ్మాయి రెండు మూడుసార్లు పలకరించిందని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అయితే నీ కష్టమంతా నీ ఊహేనని నేను అనడం లేదు. ఆ పరిశోధన చదివి చాలామంది అలాగే అనుకున్నారు, పిల్లలకు ఒక గంట మాట చెబితే సరిపోతుందని. 2023లో వాల్టన్ బృందమే 22 కాలేజీల్లో 26,911 మంది మీద ఇదే ప్రయత్నం చేసింది. ఈసారి ఆన్‌లైన్లో అరగంట లోపు. మొదటి ఏడాది పూర్తిచేసినవాళ్ల సంఖ్య పెరిగింది, ముఖ్యంగా అంతకుముందు వెనకబడుతూ వచ్చిన పిల్లల్లో. కానీ అన్ని కాలేజీల్లో పెరగలేదు. ఏ కాలేజీలో అలాంటి పిల్లలకు నిజంగానే కలిసిపోయే అవకాశం ఉందో అక్కడే పెరిగింది. ‘ఈ బెంగ తగ్గుతుంది’ అనే మాట గింజ లాంటిది. నేల బాగుంటేనే మొలకెత్తుతుంది.

అందుకే ఆ సారు చేసిన పని గురించి నాకు కోపం వచ్చింది, దాచుకోను. వంద మంది ముందు ఐదుగురిని లేపి నిలబెట్టి, ఎందుకో చెప్పకుండా కూర్చోబెట్టడం టీచరు చేయాల్సిన పని కాదు. సాయం చేయడానికే అడిగి ఉండవచ్చు, ఎవరికి అదనపు క్లాసులు కావాలో చూసుకోవడానికే కావచ్చు. అలాగైతే ఒక కాగితం పంచి రాయమంటే సరిపోయేది. నువ్వు నోరు మూసుకున్నది పిరికిదానివై కాదు. ఆ గదిలో నీ భాష ఒక గుర్తుగా మారిందని నీకు అర్థమైంది కాబట్టి. మన దేశంలో ఇలాంటి గుర్తులకు కొదవ లేదు: మీడియం, కులం, ఊరు, కోటా, ఫీజు ఎలా కడుతున్నామన్నది. అమెరికా పరిశోధనల్లో రంగు చేసే పనిని ఇక్కడ ఇవన్నీ కలిసి చేస్తాయి. ఆ రోజు నీతోపాటు నిలబడిన నలుగురు ఎవరో నీకు తెలుసా? వాళ్లకూ ఆ రోజు గుర్తుండే ఉంటుంది. వాళ్లలో తమిళ మీడియం వాళ్లకు నీ తెలుగు అర్థం కాకపోవచ్చు, నీ మౌనం మాత్రం బాగా అర్థమవుతుంది.

ఒక చోటు మనదని అనిపించాలంటే ఎవరో చోటు చేసి ఇవ్వాలి. ఈ ఊళ్లోనే 1937లో దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు ఆడవాళ్లను కూర్చోబెట్టి పరీక్షలకు చదివించారు. వాళ్లకు తెలివి లేక అన్నాళ్లూ ఆగిపోలేదు, కూర్చోవడానికి చోటు లేక ఆగిపోయారు.

ఇక స్నేహం సంగతి. నాలుగు నెలలైనా ఒక్కరూ లేరు అన్నావు. నెలల్లో లెక్కపెడితే నిజంగానే భయం వేస్తుంది, అందుకే గంటల్లో లెక్కపెడదాం. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్, కొత్త ఊరికి మారినవాళ్లనూ, విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరినవాళ్లనూ అడిగి 2018లో ఒక లెక్క తేల్చాడు. ముఖ పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు పడుతుంది. స్నేహితురాలు అని నిజంగా అనుకోవడానికి 90 గంటలు. ప్రాణస్నేహానికి 200 గంటలు దాటాలి. అదీ క్లాసులో పక్కపక్కన కూర్చున్న గంటలు అంతగా లెక్కకు రావు. ఖాళీగా ఉన్నప్పుడు, కలిసి తింటూ, తిరుగుతూ, ఊరికే కూర్చుని గడిపిన గంటలే పని చేస్తాయి.

ఇప్పుడు నీ గంటలు చూడు. క్లాసు బయట ఏ ఒక్క మనిషితోనైనా నువ్వు గడిపిన సమయం నాలుగు నెలల్లో పది గంటలు ఉంటుందా? నీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఉండదు. రాత్రి భోజనం ఒంటరిగా. నెలకు రెండు శనాదివారాలు ఊళ్లో. నాలుగు నెలల్లో ఎనిమిదిసార్లు వెళ్లావనుకుందాం. ఒక్కోసారి మేలుకుని ఉన్న గంటలు ముప్పై వేసుకున్నా 240 అయ్యాయి. నిన్ను తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. నీకు స్నేహితులు దొరకలేదని నువ్వు అనుకుంటున్నావు. నాకు కనిపిస్తున్నది వేరు: స్నేహం కుదరడానికి కావలసిన గంటలు ఇంకా మొదలే కాలేదు. హాస్టల్లో స్నేహాలు పుట్టేది ఆదివారం పొద్దున్న బకెట్లు వరసలో పెట్టి నీళ్ల కోసం నిలబడ్డప్పుడు, డాబా మీద దుప్పట్లు ఆరేసి వాన వస్తుందేమోనని కాపలా కాస్తున్నప్పుడు. సరిగ్గా ఆ వేళకు నువ్వు ఒంగోలు రైల్లో ఉంటున్నావు.

రాత్రి భోజనానికి రోజూ అరగంట, ఆదివారం రెండు గంటలు ఒకే మనిషితో గడిపితే వారానికి ఐదున్నర గంటలు. తొమ్మిది వారాల్లో దాదాపు 50 అవుతుంది. అంటే ఇవాళ మొదలుపెడితే ఫిబ్రవరికి. నువ్వు చేయవలసింది పెద్ద ధైర్యం కాదమ్మా, మెస్‌కు వెళ్లే వేళ మార్చుకోవడం. ఎనిమిదీ ముప్పావుకి బదులు ఎనిమిదింటికి వెళ్లు. రోజూ అదే వేళకు, వీలైతే అదే బల్ల దగ్గరకు. మొదటి వారం ఎవరితోనూ మాట్లాడకపోయినా పరవాలేదు. ఒకే ముఖాన్ని రోజూ ఒకేచోట చూస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే పలకరిస్తారు.

ఆ బీచ్ ఫోటోల గురించి కూడా ఒక మాట. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పిల్లలను అడిగితే, 48 శాతం మంది తమకంటే తోటివాళ్లకే దగ్గరి స్నేహితులు ఎక్కువని అన్నారు. తమకే ఎక్కువని అనుకున్నవాళ్లు 31 శాతం. అదే తరగతి, అదే హాస్టల్, అయినా దాదాపు సగం మంది తామే వెనకబడ్డామని అనుకుంటున్నారు. కారణం తేలిక. ఎదుటివాళ్ల నవ్వు వరండాలో కనిపిస్తుంది, వాళ్ల ఏడుపు తలుపు వెనక ఉండిపోతుంది. నీ గదిలోని ఇద్దరు హైదరాబాదు అమ్మాయిలకు నువ్వు ఎలా కనిపిస్తున్నావో తెలుసా? పదిహేను రోజులకోసారి ఇంటికి వెళ్లి, అమ్మ చేతి పచ్చళ్లతో తిరిగి వచ్చే అదృష్టవంతురాలిగా కనిపిస్తూ ఉండవచ్చు.

తెలుగు గ్రూపులో కలవాలా వద్దా అని నువ్వు అడగలేదు, కానీ ఆ ప్రశ్న నీ మాటల్లో ఉంది. కలువు. ఒకసారి వెళ్లి చూడు. అరవై మందిలో నీలాంటి వాళ్లు ఇద్దరైనా ఉంటారు. సొంత భాషలో గంటసేపు మాట్లాడితే మనసుకు దొరికే విశ్రాంతి చిన్నది కాదు. అయితే అక్కడే ఆగిపోకు. నేను చూసినంతలో, నాలుగేళ్లూ తెలుగువాళ్ల మధ్యే తిరిగి వెళ్లిపోయిన పిల్లలకు చెన్నై చివరిదాకా పరాయి ఊరుగానే మిగిలింది. తమిళం నేర్చుకోవడం కష్టమేమీ కాదు. వంద మాటలు వస్తే మెస్‌లో, బస్సులో, కొట్లో గడిచిపోతుంది. మెస్‌లో వడ్డించే అక్కను, ఇస్త్రీ చేసే ఆయనను, గేటు దగ్గర ఉండే వాచ్‌మన్‌ను రోజూ పేరు పెట్టి పలకరించు. ఇవి స్నేహాలు కావని తీసిపారేయకు. గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, తోటి విద్యార్థులతో పైపై పలకరింపులు ఎక్కువగా జరిగిన రోజుల్లో పిల్లలకు సంతోషమూ, ఇక్కడి మనిషినే అనే భావనా ఎక్కువగా ఉన్నాయని తేలింది.

ఇంకొక పని చెబుతాను, ఇది ఒక్క ఆదివారం చాలు. మీ పల్లె నుంచి వచ్చే ఏడాది ఒక పిల్ల ఇదే కాలేజీలో చేరుతోందనుకో. ఆ పిల్లకు ఒక ఉత్తరం రాయి. మొదటి నాలుగు నెలలు ఎలా ఉంటాయో, ఏది చూసి భయపడనక్కరలేదో, ఎవరిని అడగాలో, మెస్‌లో ఏ రోజు ఏం తినాలో. తెలుగులోనే రాయి. నీ కష్టాన్ని తగ్గించి రాయవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ 92 మందిలో కాగితాలు చదివినవాళ్లు చేసింది దాదాపు ఇదే. నిన్ను నువ్వు జాలిపడే మనిషిగా చూసుకోవడం ఒక రకం, దారి తెలిసి ఇంకొకరికి చెప్పే మనిషిగా చూసుకోవడం ఇంకో రకం. ఉత్తరం రాస్తున్నంతసేపూ నువ్వు రెండో మనిషివి.

టీచర్లలో ఒక్కరిని ఎంచుకో. ఆ సారునే ఎంచుకోనక్కరలేదు. అర్థంకాని ఒక లెక్క పట్టుకుని, క్లాసు అయ్యాక వాళ్ల గదికి వెళ్లు. వచ్చిన ఇంగ్లీషులో అడుగు, రాని చోట ఆగు. వాల్టన్ అధ్యయనంలోని ఆ విద్యార్థులనే ఏడు నుంచి పదకొండేళ్ల తర్వాత మళ్లీ కలిసి చూశారు. ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థులు ఉద్యోగాల్లోనూ, జీవితంలోనూ ఎక్కువ తృప్తిగా కనిపించారు. మార్కుల వల్ల కాదు, కాలేజీలో తమకు దారి చూపే ఒక పెద్దదిక్కును సంపాదించుకోవడం వల్ల అని 2020లో ఆ ఫలితం ప్రచురించారు. నా గదికి అలా వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంగ్లీషు తడబడిందని ఒక్కరిని కూడా నేను తక్కువగా అనుకోలేదు. గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడి తిరిగి వెళ్లిపోయినవాళ్ల గురించి మాత్రం తర్వాత తెలిసి బాధపడ్డాను.

ఊరికి వెళ్లడం మానెయ్యమని చెప్పను. తాంబరం నుంచి లోకల్ ఎక్కి, పార్క్ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి సెంట్రల్లోకి అడుగుపెట్టగానే గుండె తేలికపడడం నాకూ తెలుసు. నెలకు ఒకసారి వెళ్లు. సంక్రాంతికి ఎలాగూ వెళ్తావు. వెళ్లినప్పుడు అమ్మకు నిజం చెప్పు. ఫోనులో రోజూ ‘బాగానే ఉన్నానమ్మా’ అంటున్నావని నువ్వు రాయలేదు, కానీ అంటున్నావని నాకు అనిపిస్తోంది. నాన్న పొగాకును ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మేలుకుని ఉంటాడు, ఆయనకు నా బెంగ కూడా ఎందుకు అని నువ్వు దాచుకుంటావు. వాళ్లు చదువుకోకపోవచ్చు, కొత్తచోట నిలదొక్కుకోవడం అంటే ఏమిటో తెలియనివాళ్లు కాదు. కాపురానికి కొత్త ఊరు వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచిందో మీ అమ్మను అడుగు.

నిద్ర గురించి మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, పొద్దున్న లేచి క్లాసుకు వెళ్లడమే భారమైపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది బెంగ దాటి వైద్యం కావలసిన స్థితి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత ఫోను సేవ ఉంది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి ఆధారంగా ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తమిళనాడు నుంచి చేసినా తెలుగు ఎంచుకోవచ్చు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారు కాబట్టి ఆవిడ దగ్గరకూ వెళ్లు. నిన్ను భయపెట్టింది ఆవిడ మాటే అయినా సరే, ఆ మాట నిన్ను ఇన్నాళ్లు నిద్రపోనివ్వలేదని ఆవిడకు తెలియాలి. కౌన్సెలర్‌ను పెట్టడం కాలేజీ చేస్తున్న ఉపకారం కూడా కాదు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. నీ హక్కు అది, మొహమాటపడవద్దు.

ఒంగోలు మారడం సంగతి ఇప్పుడు తేల్చవద్దు. పరీక్షలూ, వానలూ, ఇంటి మీద బెంగా కలిసిన డిసెంబరు అలాంటి నిర్ణయాలకు మంచి కాలం కాదు. మే నెల దాకా ఆగు. అప్పటికి నీ గంటలు నువ్వు పెట్టి చూసి ఉంటావు. అప్పుడూ ఆ కాలేజీలో నీకు నిలబడే చోటు లేదనిపిస్తే వెళ్లిపో. అది ఓటమి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక చోటు అందరికీ సరిపడాలని ఎక్కడా లేదు. కానీ చూడకుండా వెళ్లిపోతే, ఒంగోలులో కూడా ఎనిమిదీ ముప్పావుకే మెస్‌కు వెళ్తావేమోనని నా భయం.

నీ ఉత్తరంలో ధర్మపురి అమ్మాయి పేరు లేదు. నీకు తెలియదనుకుంటాను. రేపు రాత్రి ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందు పక్కగది తలుపు తట్టు. ‘సాప్టియా?’ అని అడుగు. ఇంకా లేదంటే కలిసి వెళ్లండి. పేరు అడగడం మరిచిపోకు, మే నెలలో నాకు రాసేటప్పుడు ఆ పేరుతోనే మొదలుపెట్టు.